నది మాట విన్న ఓడలు

పోయిన నెల కాలువ పడవల గురించి జవాబిస్తూ, ఒకప్పుడు గోదావరి మీద ఆవిరి స్టీమర్లు కూడా తిరిగాయని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి ఇరవైకి పైగా ఉత్తరాలు వచ్చాయి. నాకు ఇంతకంటే ఇష్టమైన విషయం మరొకటి లేదు కాబట్టి ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. కొత్త పాఠకుల కోసం రెండు మాటలు. మా నాన్న ధవళేశ్వరం లాకుల దగ్గర లస్కరు. నేను ముప్పై ఒక్క ఏళ్లు కలకత్తాలో, హుగ్లీ ఒడ్డున ఉన్న ఓడల మరమ్మతు కర్మాగారంలో ఇంజన్ ఫిట్టరుగా పని చేశాను. కింద రాసేదంతా ఆ రెండు ఒడ్ల మీద నిలబడి చూసినదీ, తర్వాత తీరికగా చదువుకున్నదీ.

ప్రశ్న: బంగ్లాదేశ్‌లోని ఒక నారింజ రంగు ఓడను ఫొటోలో చూశాను. రెండు పక్కలా పెద్ద గూళ్లలాంటివి ఉన్నాయి. వాటిలో చక్రాలు ఉంటాయట. ప్రొపెల్లరు అనేది ఉండగా అంత పెద్ద చక్రాలు ఎందుకు పెట్టుకున్నారు? అప్పటికి వాళ్లకు తెలియకనా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, మీరు చూసింది ఢాకా ‘రాకెట్’ స్టీమర్లలో ఒకటి. మహ్‌సూద్, ఆస్ట్రిచ్, లెప్చా, టెర్న్ అని వాటి పేర్లు. మహ్‌సూద్, ఆస్ట్రిచ్ రెండూ 1920ల చివర్లో కలకత్తా గార్డెన్ రీచ్‌లో కట్టినవి. ఢాకాలో ఆస్ట్రిచ్‌ను నేను దగ్గరగా చూసేనాటికి ఆవిరి యంత్రం తీసేసి డీజిలు పెట్టారు. చక్రాలు మాత్రం అవే. రేవులో కట్టి ఉన్న ఆ ఓడ పక్కన నిలబడి గూడులోకి తొంగి చూస్తే, తడిసిన పలకల మీద నాచు వాసన వచ్చింది. కలకత్తాలో మా కర్మాగారంలో ముసలి మేస్త్రీలు చెప్పిన మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

తెలియక పెట్టిన చక్రాలు కావు అవి. 1845లో ఇంగ్లండు నౌకాదళం ఒక పోటీ పెట్టింది. ప్రొపెల్లరు ఉన్న రాట్లర్‌నూ, చక్రాలున్న అలెక్టోనూ వెనక భాగాలు కలిపి తాడుతో కట్టి, చెరో వైపుకు లాగమన్నారు. అలెక్టో చక్రాలు పూర్తి వేగంతో తిరుగుతున్నా రాట్లర్ దాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. సముద్రం సంగతి దాదాపు అక్కడితో తేలిపోయింది. సముద్రంలో చక్రాల ఓడకు వేరే కష్టాలూ ఉన్నాయి. అలకు ఓడ ఒక పక్కకు ఒరిగితే ఒక చక్రం గాలిలో తిరుగుతుంది, రెండోది మునిగిపోతుంది. ఇంతా తెలిసిన తర్వాత కూడా నదుల మీద మరో వందేళ్లు చక్రాలే నడిచాయి. ఎందుకంటే నదికి కావలసింది వేరు.

ప్రొపెల్లరు నీటిలో పూర్తిగా మునిగి ఉంటేనే పని చేస్తుంది. బలంగా తోయాలంటే దాని వ్యాసం పెద్దదిగా ఉండాలి. వ్యాసం పెద్దదైతే ఓడ అడుగు అంత కిందికి దిగాలి. వేసవిలో ఇసుక తిన్నెల మీద మూడు నాలుగు అడుగుల నీరు ఉన్న నదిలో ఇది ఎలా కుదురుతుంది? చక్రానికి ఆ బాధ లేదు. ఇరవై అడుగుల చక్రమైనా సరే, కింది పలకలు రెండు మూడు అడుగులు మునిగితే చాలు. వెడల్పైన పలకలు చాలా నీటిని ఒక్కసారి పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తోస్తాయి. ఓడను పళ్లెంలా చదునుగా కట్టుకోవచ్చు.

ఇంకొకటి, మాలాంటి పనివాళ్లకు ముఖ్యమైనది. కొట్టుకొచ్చే దుంగ తగిలితే ప్రొపెల్లరు రెక్క వంగుతుంది. దాన్ని సరిచేయాలంటే ఓడను నీటి నుంచి పైకి తీయాలి. చక్రం పలక విరిగితే ఓడలోని వడ్రంగి ఒడ్డుకు కట్టించి, గూట్లోకి దిగి, గంటలో కొత్త పలక బిగిస్తాడు.

పలకల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఉన్న తెలివి చాలామంది చూడరు. మొదటి చక్రాల్లో పలకలు ఇరుసు నుంచి సూటిగా బిగించి ఉండేవి. అవి నీటిలోకి దిగేటప్పుడు చాకిరేవులో బండ మీద బట్ట కొట్టినట్టు నీటిని చాచి కొట్టేవి. పైకి లేచేటప్పుడు నీటిని ఎత్తి పారబోసేవి. కొట్టడంలోనూ ఎత్తడంలోనూ పోయిన బలం ఓడను ముందుకు తీసుకుపోదు. 1829లో గాలోవే అనే ఇంగ్లీషువాడు ఒక ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. ఇరుసుకు కొంచెం పక్కగా ఇంకో కేంద్రం పెట్టి, దాని నుంచి ప్రతి పలకకూ ఒక కడ్డీ తగిలించాడు. చక్రం తిరుగుతున్నంతసేపూ ఆ కడ్డీలు పలకలను తిప్పుతూ ఉంటాయి. దాంతో పలక నీటిలోకి నిలువుగా దిగి, నిలువుగానే నీటిని తోసి, నిలువుగానే బయటికి వస్తుంది. గజ ఈతగాడి అరచేయి నీటిలోకి ఎలా దిగుతుందో చూడండి, అదే ఇది. కాకపోతే ఆ కడ్డీలకు, మేకులకు రోజూ నూనె కావాలి, అవి అరుగుతాయి. అందుకే కొన్ని దేశాల వాళ్లు పాత మోటు చక్రమే మేలనుకున్నారు. అమెరికా నదుల మీద ఎక్కువగా అదే కనిపిస్తుంది.

ప్రశ్న: భద్రాచలం దాటి పైకి వెళ్తే దుమ్ముగూడెం దగ్గర గోదావరిలో పాత ఆనకట్ట, లాకు ఉన్నాయి. కాటన్ దొర స్టీమర్ల కోసం కట్టించాడని అక్కడివాళ్లు అన్నారు. నిజమేనా? నిజమైతే ఆ స్టీమర్లు ఏమయ్యాయి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కొత్తగూడెం

జవాబు: నిజమే మాస్టారూ. వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. మాకు అన్నం పెట్టిన ఆనకట్ట అది, మా నాన్న జీతం దాని లాకుల నుంచే వచ్చేది. ఆర్థర్ కాటన్‌కు మాత్రం సాగునీటితో మనసు నిండలేదు. రైలు కంటే నీటి దారే చౌక అని ఆయన చివరిదాకా వాదించాడు. సముద్రం నుంచి రాజమండ్రి, అక్కడి నుంచి పాపికొండలు, భద్రాచలం మీదుగా పైకి పోయి, ప్రాణహిత, వార్ధా నదుల గుండా బేరారు పత్తి పొలాల దాకా స్టీమర్లు నడపాలన్నది ఆయన కల. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది. లాంకషైరు మిల్లులు పత్తి కోసం అల్లాడాయి. దాంతో ఈ పథకానికి ఊపు వచ్చింది. 1860లలో తక్కువ లోతున తేలే స్టీమర్లు గోదావరి మీద తిరిగాయి.

అయితే ఈ దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి. మొదటిది మీరు చూసిన దుమ్ముగూడెం. రెండోది ఇంచంపల్లి. మూడోది ఇంకా పైన, ప్రాణహిత మీద. ప్రతి అడ్డంకి దగ్గరా నదికి ఆనకట్ట వేసి, పక్కగా కాలువ తవ్వి, లాకులు కట్టి ఓడను మెట్టు మెట్టుగా ఎక్కించాలి. హేగ్ అనే ఇంజనీరు ఈ పని చూసేవాడు. అడవి జ్వరాలకు కూలీలు, అధికారులు అనే తేడా లేకుండా మంచాన పడ్డారు. పని ఏడాదిలో కొన్ని నెలలే సాగేది. ఈలోగా 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. పత్తి పడమరకు పోవడం మొదలుపెట్టింది. రెండేళ్లకే సూయజ్ కాలువ తెరుచుకుని బొంబాయికి ఐరోపా మరింత దగ్గరైంది. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు. మీరు చూసిన ఆ రాళ్లు అప్పటివి.

రైలే స్టీమరును ఓడించిందని చాలామంది రాస్తారు. నా లెక్కలో అది సగం మాటే. కాటన్‌ను చేతులెత్తి మొక్కే ఊరు మాది, నేనూ మొక్కుతాను. అయినా ఈ ఒక్క పనిలో ఆయన నది మాట వినలేదనే అనుకుంటున్నాను. చిన్నప్పుడు మే నెలలో ఆనకట్ట కింద ఇసుకలో నడుచుకుంటూ లంకల్లోకి పుచ్చకాయల కోసం వెళ్లేవాళ్లం, మోకాలు తడవకుండా. అదే చోట ఆగస్టులో ఎర్రనీళ్లు రెండు ఒడ్లనూ ఒరుసుకుని పారేవి, నాన్న రాత్రంతా లాకుల దగ్గరే ఉండేవాడు. ఇలాంటి నదిని ఏడాది పొడవునా ఒకే మట్టాన నిలబెట్టాలంటే మూడు ఆనకట్టలు చాలవు. రైలు రాకపోయినా ఆ స్టీమర్లు ఏడాదిలో సగం రోజులు ఇసుక మీదే కూర్చునేవి.

గంగ మీద, బ్రహ్మపుత్ర మీద స్టీమరు కంపెనీలు వేరే పద్ధతి పట్టాయి. 1834లో ప్రభుత్వ స్టీమర్లు కలకత్తా నుంచి అలహాబాదు దాకా తిరగడం మొదలుపెట్టాయి. స్టీమరులో యంత్రం, బొగ్గు పోగా మిగిలేది తక్కువ కాబట్టి, ఫ్లాట్ అనే చదునైన ఓడను వెనక కట్టి సరుకులను, ప్రయాణికులను అందులో ఎక్కించేవారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు నదికి రాతి కట్టడం ఏదీ కట్టలేదు. ‘బందాల్’ అని ఒక పని చేశారు. నదిలో వరసగా వెదురు గుంజలు పాతి, వాటికి వెదురు తడికలు ఏటవాలుగా కట్టేవారు. తడిక పైనీటిని అడ్డుకుని ఓడ దారివైపు మళ్లిస్తుంది. తడిక వెనక ఇసుక పడుతుంది, దారిలోని ఇసుక కోసుకుపోతుంది. కొద్ది రోజుల్లో ఆ చోట లోతు పెరుగుతుంది. వరద వచ్చి తడికలను కొట్టుకుపోతే పోనీ, వచ్చే ఏడాది మళ్లీ కడతారు. మన పల్లెల్లో ప్రతి ఇంటి చుట్టూ ఉండే తడిక అది. ఆ తడిక చేసిన పని దుమ్ముగూడెం రాయి చేయలేకపోయిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కదులుతుంది.

డెల్టా కాలువల కథ మాత్రం వేరు, అక్కడ నీరు కట్టడిలో ఉంటుంది. అక్కడ పడవలు బాగా నడిచాయి. ధవళేశ్వరం నుంచి కాకినాడకు, ఏలూరు మీదుగా బెజవాడకు సరుకూ జనమూ కాలువ మీదే వెళ్లేవారు. గోదావరికి అడ్డంగా హేవ్‌లాక్ వంతెన 1900లో పూర్తయ్యేవరకూ రైలు ప్రయాణికులు కొవ్వూరు, రాజమండ్రిల మధ్య నదిని నీటి మీదే దాటాల్సి వచ్చేది.

ప్రశ్న: మేం మెంఫిస్‌లో ఉంటున్నాం. మిసిసిపీ మీద పాతకాలపు చక్రాల ఓడ పేలి వేలమంది చనిపోయారని మా అబ్బాయి బడిలో విని వచ్చాడు. టైటానిక్ గురించి తెలిసినట్టు దీని గురించి ఎవరికీ ఎందుకు తెలియదు?
— మెంఫిస్, అమెరికా నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, దాని పేరు సుల్తానా. 1865 ఏప్రిల్ 27, తెల్లవారుజామున రెండు గంటల వేళ, మీ ఊరికి కొద్ది మైళ్లు ఎగువన పేలింది. ఆ ఓడలో చట్టం ప్రకారం ఎక్కించగలిగింది 376 మందిని. ఆ రాత్రి రెండు వేలకు పైగా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా అంతర్యుద్ధం ముగిసి, దక్షిణాది చెరల నుంచి విడుదలై, ఎముకల గూళ్లలా ఇళ్లకు పోతున్న సైనికులు. తలకు ఇంత చొప్పున ప్రభుత్వం ఓడలవాళ్లకు డబ్బు ఇచ్చేది. చనిపోయినవారు పదకొండు వందలకు పైమాటే, ఇంకా ఎక్కువ చెప్పే లెక్కలూ ఉన్నాయి.

బాయిలరు పని చేసినవాడిగా నన్ను వెంటాడేది ఒక చిన్న సంగతి. దారిలో, విక్స్‌బర్గ్‌లో, ఒక బాయిలరు రేకు ఉబ్బి కారుతోందని కనిపెట్టారు. సరిగ్గా బాగుచేయాలంటే రోజులు పడుతుంది. అంతసేపు ఆగితే సైనికులు వేరే ఓడ ఎక్కిపోతారు. అందుకని ఉబ్బిన చోట పలుచని రేకు ముక్క ఒకటి అతికించి బయలుదేరారు. అసలు రేకు మందం కంటే అతుకు మందం తక్కువ. మా కర్మాగారంలో మొదటి వారంలోనే నేర్పే పాఠం, అతుకు ఎప్పుడూ అసలు కంటే బలహీనంగా ఉండకూడదని. దానికి తోడు మిసిసిపీ నీరు బురద నీరు. అది బాయిలరు గొట్టాల మధ్య పేరుకుంటుంది. పేరుకున్న చోట నీరు తగలక ఇనుము ఎర్రగా కాలుతుంది. నేను కొన్ని వందలసార్లు బాయిలరులోకి దూరి సుత్తితో పెచ్చులు రాల్చాను. ఆ పని ఒక్క దఫా వదిలేస్తే ఏమవుతుందో అందులో దూరినవాడికే తెలుసు.

ఆ వార్త ఎందుకు మరుగున పడిందంటారా? ఆ నెలలోనే లింకన్‌ను కాల్చి చంపారు. ఓడ పేలడానికి ముందు రోజే ఆ హంతకుణ్ణి పట్టుకుని కాల్చేశారు. పత్రికలు వాటితోనే నిండిపోయాయి. నాలుగేళ్ల యుద్ధంలో లక్షల చావులు చూసిన దేశానికి ఇంకో వెయ్యి చావులు పెద్దగా వినపడలేదు. నది తర్వాత దారి మార్చుకుంది. ఓడ మునిగిన చోటు ఇప్పుడు అవతలి ఒడ్డున, అర్కాన్సా వైపు, పొలాల కింద ఉందంటారు. అక్కడి మేరియన్ ఊళ్లో దీని గురించి మ్యూజియం ఉంది. అబ్బాయిని తీసుకెళ్లండి. గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి పోయినవాళ్ల గురించి కూడా వాడికి చెప్పండి. కారణాలు వేరు, కాలాలు వేరు. ఒడ్డున ఎదురుచూసిన తల్లులు మాత్రం ఒకే రకం.

మిసిసిపీ మీద మొదటి స్టీమరు కథ ఇంత విషాదం కాదు, వాడికి అదీ నచ్చుతుంది. దాని పేరు న్యూ ఆర్లియన్స్. 1811లో పిట్స్‌బర్గ్ నుంచి బయలుదేరింది. నడిపించిన నికొలస్ రూజ్‌వెల్ట్ భార్య లిడియా నిండు గర్భిణి. దారిలోనే ఆమెకు బిడ్డ పుట్టాడు. డిసెంబరులో న్యూ మాడ్రిడ్ భూకంపాలు వచ్చి ఒడ్లు విరిగి నదిలో పడుతుంటే ఆ ఓడ వాటి మధ్య నుంచే దాటి, 1812 జనవరిలో న్యూ ఆర్లియన్స్ చేరింది.

ప్రశ్న: ఇప్పుడు నిజమైన ఆవిరి చక్రాల ఓడ ఎక్కాలంటే ఎక్కడికి వెళ్లాలి?
— మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా

జవాబు: మీరు ఎక్కడికీ పోనక్కరలేదు. ఉత్తరంగా కారులో మూడు గంటలలోపు ఎచూకా వస్తుంది, మర్రే నది ఒడ్డున. 1866 నాటి అడిలైడ్ అనే చెక్క ఓడ ఇంకా అక్కడ నడుస్తోంది. అక్కడి రేవు కట్టడాన్ని నిలబడి చూడండి. నది ఏడాదిలో ఎంత ఎత్తు లేస్తుందో, ఎంత లోతుకు పోతుందో ఆ అంతస్తులే చెబుతాయి. ఆ నది మీద 1853లో రాండెల్ అనే ఆయన ఓడలంటే ఏమీ తెలియకుండానే ఒక స్టీమరు కట్టాడు. దాని బాయిలరు నలుచదరం. ఆవిరి నిండితే దాని గోడలు ఉబ్బేవి, చుట్టూ గొలుసులు బిగించి నడిపాడు. ఫిట్టరుగా నాకు ఒళ్లు జలదరిస్తుంది, అయినా ఆ మనిషి గుండెకు నమస్కారం.

నా సొంత అనుభవం జర్మనీలోది. మా అమ్మాయి డ్రెస్డెన్‌లో చదువుతున్న రోజుల్లో ఎల్బే నది మీద డీస్‌బార్ అనే ఓడ ఎక్కించింది. ఓడ 1884 నాటిది. దానిలోని యంత్రం 1841 నాటిది, లండను పక్కన గ్రీనిచ్‌లో జాన్ పెన్ కర్మాగారంలో చేసింది. ముందు వేరే ఓడలో ఉండి, తర్వాత దీనిలోకి వచ్చింది. మామూలు యంత్రంలో సిలిండరు కదలదు, పిస్టను మాత్రమే కదులుతుంది. ఇందులో సిలిండరే ఉయ్యాలలా ఊగుతుంది. అది ఊగే ఇరుసులు గొట్టాల్లా బోలుగా ఉంటాయి, ఆవిరి వాటి గుండానే లోపలికి వస్తుంది. మధ్యలో పొడుగాటి కడ్డీ అక్కరలేదు కాబట్టి యంత్రం పొట్టిగా ఓడ అడుగున ఇమిడిపోతుంది. నేను రెండు గంటలు ఒడ్డు చూడలేదు. యంత్రం చుట్టూ ఉన్న కటకటాలు పట్టుకునే నిలబడ్డాను. అక్కడి నూనె పోసే అబ్బాయి తిరుగుతున్న క్రాంకు బేరింగును ప్రతి చుట్టులోనూ అరచేత్తో తాకి వేడి చూస్తున్నాడు. కలకత్తాలో మేమూ అలాగే చూసేవాళ్లం. నేను అదే చేతి కదలికను గాలిలో చేసి చూపించాను. అతను నవ్వి తన నూనె గుడ్డ నా చేతికి ఇచ్చాడు.

ప్రశ్న: మాది విశాఖ బర్మా క్యాంపు. మా నాయనమ్మకు తొంభై దాటాయి. చిన్నప్పుడు వాళ్లు రంగంలో, అంటే రంగూన్‌లో ఉండేవారట. ‘రెండంతస్తుల ఓడ, పక్కన చక్రం తిరిగితే గుండెలో ఉరిమినట్టుండేది’ అంటుంది. ముత్తాతగారు రేవులో మూటలు మోసేవారు. అవి ఎవరి ఓడలు? తర్వాత ఏమయ్యాయి?
— గృహిణి, విశాఖపట్నం

జవాబు: తల్లీ, ఆ ఓడలు ఇరావతి నది మీద తిరిగినవి. ఇరావడ్డీ ఫ్లోటిల్లా కంపెనీవి. 1865లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టిన కంపెనీ అది. వాటి ఓడలు చాలావరకు అక్కడికి దగ్గరలోని డంబార్టన్‌లో డెన్నీ కర్మాగారంలో తయారయ్యేవి. ముక్కలుగా విప్పి సముద్రం మీద రంగూన్‌కు తెచ్చి, అక్కడ మళ్లీ బిగించేవారు. 1920లకు వచ్చేసరికి చిన్నవీ పెద్దవీ కలిపి ఆరువందలకు పైగా ఓడలు, ఫ్లాట్లు ఉండేవి. ప్రపంచంలో నదుల మీద అంత పెద్ద దండు మరొకటి లేదు. వాటిలో పెద్దవి సయాం తరహావి, 326 అడుగుల పొడవు. నాలుగు వేలమంది డెక్కు మీద కూర్చుని ప్రయాణం చేసేవారు. రంగూన్ నుంచి మాండలే సుమారు 950 కిలోమీటర్లు. దారిలో ప్రతి రేవులో ఆ ఓడే సంత. బట్టల దుకాణాలు, పళ్లు, ఎండుచేపలు అన్నీ డెక్కు మీదే. ఊరు ఓడ దగ్గరికి వచ్చి కొనుక్కుని వెళ్లేది.

‘పక్కన చక్రం’ అని మీ నాయనమ్మ చెప్పిన మాట చాలా విలువైనది. పెద్ద ఓడలకు చక్రాలు రెండు పక్కలా ఉండేవి. ఉపనదుల్లోకి, వంకర టింకర వాగుల్లోకి పోయే చిన్నవాటికి చక్రం వెనక ఉండేది, ఇరుకులో ఒడ్డు తగలకుండా. కాబట్టి ఆమె చూసింది పెద్ద దారిలో తిరిగిన పెద్ద ఓడనే.

ఆ ఓడల మీద సరంగులు, లస్కర్లు ఎక్కువగా చిట్టగాంగువాళ్లు. ముందుభాగాన ఒకడు కూర్చుని, రంగులు వేసిన వెదురు గడతో లోతు చూస్తూ రాగం తీసి చెప్పేవాడు. పైన సరంగు ఆ రాగాన్ని బట్టి చుక్కాని తిప్పేవాడు. మనవాళ్లు ఉన్నది రేవుల్లో. రంగూన్ రేవు కూలీల్లో అత్యధికులు తెలుగువాళ్లే. కాకినాడ పక్కన ఉన్న కోరంగి నుంచి ఓడలెక్కినవాళ్లు కాబట్టి అక్కడ మనల్ని ‘కోరంగీలు’ అనేవారు. అది గౌరవంగా అన్న మాట కాదు. 1930 మే నెలలో మనవాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలోకి తీసుకున్నాయి. తర్వాత రాజీ కుదిరి మనవాళ్లు తిరిగి వచ్చేసరికి, ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. 26వ తేదీన గొడవ మొదలైంది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఆకలితో ఉన్న ఇద్దరి మధ్య ఒకే కూలి పెట్టి తగువు పెట్టినవాళ్లకు ఒక్క దెబ్బ తగలలేదు. ముత్తాతగారు ఆ రోజుల్లో అక్కడ ఉన్నారేమో నాయనమ్మను అడగండి.

చక్రాల ఓడలు బర్మాకు వర్తకం ఒక్కటే తీసుకురాలేదు. 1823లో కలకత్తా కిద్దర్‌పూర్‌లో డయానా అనే చిన్న స్టీమరు కట్టారు. నేను ముప్పై ఏళ్లు తిరిగిన ఒడ్డు అదే. మరుసటి ఏడాది మొదటి బర్మా యుద్ధంలో అది ఇరావతి మీదికి వెళ్లింది. ఎదురుగాలికీ ఎదురునీటికీ ఆగకుండా వచ్చే ఓడను బర్మా పడవలు ఎలా ఎదుర్కొంటాయి? అరవై ఏళ్ల తర్వాత, 1885 నవంబరులో, ఈ ఫ్లోటిల్లా ఓడలే సైన్యాన్ని మాండలేకు మోశాయి. ఆఖరి రాజు థీబాను, రాణి సుపయలత్‌ను అలాంటి స్టీమరులోనే నది దిగువకు తీసుకుపోయారు. ఆయన మద్రాసు మీదుగా రత్నగిరి చేరి, మళ్లీ తన దేశం చూడకుండానే పోయాడు. ఆ యంత్రాలను ఎంత ప్రేమించినా ఈ సంగతి దాటి వెళ్లలేను.

తర్వాత ఏమయ్యాయని అడిగారు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకుంది. ఓడలు జనాన్ని, గాయపడినవాళ్లను ఎక్కించుకుని పైకి పైకి వెళ్లాయి. ఇక వెళ్లే దారి లేనప్పుడు, శత్రువుకు దక్కకూడదని కంపెనీవాళ్లే ఏప్రిల్, మే నెలల్లో మాండలే దగ్గర, ఇంకా ఎగువన, వందకు పైగా ఓడలను తమ చేతులతో ముంచేశారు. ఆ రోజుల్లోనే మనవాళ్లు లక్షలమందితో కలిసి అరకాను మీదుగా, మణిపూర్ కొండల మీదుగా నడిచి వచ్చారు. మీ క్యాంపుకు ఆ పేరు అలా వచ్చింది. యుద్ధం తర్వాత కొన్ని కొత్త ఓడలు కట్టారు. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చాక కంపెనీ ప్రభుత్వపరమైంది.

ఇంట్లో ఆనాటి ట్రంకు పెట్టె ఉంటే అందులోని కాగితం ఒక్కటి కూడా పారేయకండి, చిరిగినదైనా సరే. నాయనమ్మను నెమ్మదిగా కూర్చోబెట్టి మూడు అడగండి. ఏ రేవులో ఎక్కేవారు? ఓడ గొట్టం ఏ రంగు? గడ వేసేవాడు తీసిన రాగం గుర్తుందా? రాగం గుర్తుంటే ఫోనులో రికార్డు చేసి పెట్టండి. ఆమె చెప్పింది చెప్పినట్టు నాకు రాయండి, వచ్చే నెల ఈ పేజీలో మొదటి చోటు దానికే ఉంచుతాను.